రెండెత్తుల్లో ఆటకట్టు - పాల్ మార్ఫీ జీవితం

సాయంకాలం ఆరు దాటాక మన హాస్టల్ కామన్‌రూంలోకి తొంగిచూడండి. చదరంగం బల్లకు చెరోవైపు ఇద్దరు కూర్చుని ఉంటారు. ఆడేవాళ్లు ఇద్దరే, ఆడించేవాళ్లు మాత్రం పదిమంది. గుర్రం తియ్యమని ఒకడు, బంటు తొయ్యమని ఇంకొకడు. ఆట అయిపోయాక ఓడినవాడు వేసే ప్రశ్న ఒక్కటే. ఈ ఆట బాగా రావాలంటే ఏం చెయ్యాలి? మొదటి పదెత్తులు బట్టీ పట్టమని ఒక సీనియర్ సలహా. ఎక్కువ ఆటలు ఆడమని మరొకాయన సలహా. నేను మాత్రం మూడో దారి ఒకటి చెప్పదలచుకున్నాను. ఆటకట్టు లెక్కలు చెయ్యండి. అంటే బల్లమీద కొన్ని పావులు పేర్చి, రెండెత్తుల్లోనో మూడెత్తుల్లోనో రాజును కట్టమని అడిగే చిక్కుప్రశ్నలన్న మాట.

ఈ సలహా నా సొంతం కాదు. సుమారు నూట డెబ్భయ్యేళ్ల కిందట మనలాగే కాలేజీలో చదువుకుని, లా డిగ్రీ పుచ్చుకుని, ప్రాక్టీసు పెట్టే వయసు రాక ముందే ప్రపంచాన్ని గెలిచిన ఒక కుర్రవాడి జీవితం నుంచి నేర్చుకున్నది. ఆయన పేరు పాల్ మార్ఫీ. ఆ జీవితంలో మనం నేర్చుకోవలసింది ఆట ఒక్కటే కాదు. అది చివర్లో మనవి చేస్తాను.

ముందుగా ఒక లెక్క. బల్ల ఉంటే దగ్గర పెట్టుకోండి, లేకపోతే కాగితం మీద గళ్లు గీసుకోండి. తెల్లవాడి వైపు కూర్చున్నామనుకుందాం. ఎదురుగా, ఎడంచేతి పై మూల గడిలో నల్ల రాజు. ఆయన పక్కనే కుడివైపు గడిలో నల్ల శకటు, అంటే ఐమూలగా పోయే పావు. రాజు ముందు ఒక నల్ల బంటు, శకటు ముందు ఒక నల్ల బంటు. ఇక తెల్లవాడికి ఉన్నవి మూడే పావులు. తెల్ల రాజు నల్ల శకటుకు కుడిపక్క గడిలో ఉన్నాడు. శకటు ముందున్న నల్ల బంటుకు సరిగ్గా ఎదురుగా ఒక తెల్ల బంటు అడ్డుపడి ఉంది. మన ఎడంచేతి కింది మూలలో తెల్ల ఏనుగు, నిలువుగా అడ్డంగా పోయే పావు, ఉంది. ఎత్తు తెల్లవాడిది. రెండో ఎత్తుకు ఆటకట్టు కావాలి. జవాబు ఇప్పుడే చెప్పను. చదువుతూ ఆలోచించండి.

ఈ లెక్క కూర్చింది మార్ఫీయే, అదీ చిన్నతనంలో. 1856లో న్యూయార్క్ పత్రిక ఒకదానిలో ఇది అచ్చయింది. పంపించింది ఆయన బాబాయి ఎర్నెస్ట్.

పాల్ చార్లెస్ మార్ఫీ 1837 జూన్ 22న అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగరంలో పుట్టాడు. లూసియానా రాష్ట్రంలో, మిసిసిపీ నది ఒడ్డున ఉన్న ఊరది. ఫ్రెంచి, స్పానిష్ సంప్రదాయాలు కలిసిన సంపన్న కుటుంబం. తండ్రి అలోంజో మార్ఫీ పేరున్న న్యాయవాది, ఆ తరువాత రాష్ట్ర సుప్రీంకోర్టు న్యాయమూర్తి. తల్లికి సంగీతమంటే ప్రాణం. ఆదివారాలు ఇంట్లో ఒక గదిలో పియానో, ఇంకో గదిలో చదరంగం. తండ్రి, తాతగారు, బాబాయి ఎర్నెస్ట్ అందరూ ఆడేవాళ్లే. బాబాయి ఆ ఊళ్లో మేటి ఆటగాళ్లలో ఒకడు.

ఈ పిల్లవాడికి ఎవరూ కూర్చోబెట్టి ఆట నేర్పలేదట. పెద్దవాళ్లు ఆడుతుంటే పక్కన నిలబడి చూస్తూనే పట్టేశాడని ఇంట్లోవాళ్లు చెప్పుకునేవారు. 1849లో, సరిగ్గా పన్నెండో పుట్టినరోజున, బల్లవైపు చూడకుండా ఎత్తులు నోటితో చెబుతూ బాబాయిని ఓడించాడు. మరుసటి ఏడు హంగరీ నుంచి వచ్చిన లోవెంతాల్ అనే ప్రసిద్ధ ఆటగాడు ఆ ఊరు వచ్చాడు. స్వదేశంలో 1848-49 విప్లవం అణచివేతకు గురయ్యాక దేశం విడిచి వచ్చిన మనిషి ఆయన. జడ్జిగారి పిల్లవాడితో ఆడమంటే సరదాకి అనుకుని కూర్చున్నాడు. ఒక్క ఆటా గెలవలేకపోయాడు. పిల్లవాడికి అప్పటికి పదమూడేళ్లు నిండలేదు.

మనమైతే ఏమనుకుంటాం? ఇక ఆ పిల్లవాడు బడి మానేసి పొద్దస్తమానం చదరంగమే ఆడి ఉంటాడని. అలా జరగలేదు. ఆ ఏడే అతన్ని అలబామా రాష్ట్రంలోని మొబీల్ పట్టణం దగ్గర ఉన్న స్ప్రింగ్‌హిల్ కాలేజీకి పంపారు. 1854లో పట్టభద్రుడయ్యాడు. ఆ కాలేజీ రోజుల్లో ఆడిన చదరంగం బహు స్వల్పం. తరువాత న్యూ ఆర్లియన్స్‌లోనే లూసియానా విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివి, 1857 ఏప్రిల్‌లో డిగ్రీ తీసుకున్నాడు. రాష్ట్ర సివిల్ కోడ్ దాదాపు మొత్తం కంఠతా వచ్చేదని ప్రతీతి. మధ్యలో 1856 నవంబరులో తండ్రి పోయాడు.

చేతిలో డిగ్రీ ఉంది కాని కోర్టుకు పోయే వీల్లేదు. కారణం వయసు. ప్రాక్టీసు పెట్టాలంటే ఇరవై ఒకటి నిండాలి, మార్ఫీకి ఇంకా ఇరవై కూడా నిండలేదు. ఆ ఖాళీ రోజుల్లోనే న్యూయార్క్ నుంచి పిలుపొచ్చింది. అమెరికాలో మొట్టమొదటి చదరంగ మహాసభ, పదహారు మంది ఆటగాళ్లు, ఓడినవాడు ఇంటికి. మొదట వద్దన్నాడు. బాబాయి పట్టుబట్టి ఒప్పించాడు. ప్రపంచ చదరంగానికి ఆ బాబాయి చేసిన మేలు చిన్నది కాదు.

1857 అక్టోబరు, నవంబరు నెలల్లో ఆ పోటీ జరిగింది. ఆఖరి పోరు లూయీ పాల్సెన్‌తో. పాల్సెన్ మహా నిదానపు మనిషి. అప్పటికి ఆటకు గడియారాలు లేవు. ఆయన ఒక్క ఎత్తుకు గంటకు పైగా ఆలోచించిన సందర్భాలున్నాయి. మార్ఫీ ఎదురుగా చెక్కుచెదరకుండా కూర్చునేవాడు. ఆరో ఆటలో పదిహేడో ఎత్తుకు మార్ఫీ చేసిన పని చూసి చుట్టూ ఉన్నవాళ్లు కుర్రాడికి మతిపోయిందేమో అనుకుని ఉంటారు. తన మంత్రితో ఎదుటివాడి శకటును కొట్టాడు. ఆ మంత్రిని బంటు కొట్టేస్తుంది. మంత్రి పోతే ఇంకేముంది? కాని ఆ బంటు కదిలేసరికి పాల్సెన్ రాజు ముందు తలుపు తెరుచుకుంది. ఏనుగు, శకటు కలిసి ఆ తలుపులోంచి లోపలికి వెళ్లాయి. ఇంకో పదకొండు ఎత్తుల్లో పాల్సెన్ ఆట వదిలేశాడు. విచిత్రమేమిటంటే, ఆ ఆటలో మార్ఫీ ఆడినదానికంటే త్వరగా ఆటకట్టే దారి ఒకటి ఉందని తరువాతి తరం వాళ్లు చూపించారు. అంటే ఆయన కంటికీ కొన్ని అందలేదన్న మాట. మనబోటివాళ్లకు అది కొంచెం ఊరట.

మార్ఫీ అయిదు ఆటలు గెలిచి, ఒకటి ఓడి, రెండు సమం చేసి మొదటి బహుమతి తీసుకున్నాడు. డబ్బుగా కాదు, వెండి పాత్రలుగా. ఆటకు డబ్బు తీసుకోవడం ఆయనకు గిట్టదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే రావాలి.

1858 వేసవిలో ఓడెక్కి ఇంగ్లండు చేరాడు. అసలు కోరిక హోవర్డ్ స్టాంటన్‌తో ఆడాలని. ఒకప్పుడు యూరప్‌లో మొనగాడనిపించుకున్న మనిషి ఆయన. అప్పటికి షేక్స్‌పియర్ నాటకాల సంపుటాలు పరిష్కరించే పనిలో మునిగి ఉన్నాడు. ఈరోజు రేపు అంటూ నెలలు గడిచాయి, ఆ పోటీ జరగనే లేదు. ఆ లోటు మార్ఫీని కడదాకా బాధించింది. ఈలోగా పాత పరిచయస్థుడు లోవెంతాల్ లండన్‌లోనే ఉన్నాడు. ఆయనతో పోటీలో మార్ఫీ తొమ్మిది ఆటలు గెలిచి మూడు ఓడాడు. పందెం సొమ్ము నూరు పౌన్లు. గెలిచినవాడు ఆ సొమ్ము జేబులో వేసుకోలేదు. అంతకంటే ఎక్కువ ఖరీదు చేసే సామాను కొని, కొత్త ఇంటికి మారుతున్న లోవెంతాల్‌కే కానుక ఇచ్చాడు.

అక్కణ్ణించి పారిస్. ఆ రోజుల్లో చదరంగానికి రాజధాని కఫే ద లా రేజాన్స్ అనే కాఫీ హోటలు. అక్కడ హార్విట్జ్ అనే నిపుణుడితో మొదటి రెండు ఆటలూ ఓడిపోయాడు. తరువాత అయిదు గెలిచి, ఒకటి సమం చేశాడు. సెప్టెంబరు 27న అదే హోటల్లో ఎనిమిది మందితో ఏకకాలంలో, ఒక్క బల్లా చూడకుండా ఆడాడు. పది గంటలసేపు సాగిన ఆ ఆటలో అన్నపానీయాలు ముట్టలేదు. ఆరు గెలుపులు, రెండు సమం, ఓటమి లేదు. మర్నాడు పొద్దున్నే తన వెంట ఉన్న ఎడ్జ్ అనే పత్రికా రచయితను నిద్రలేపి, ఎనిమిది ఆటల ఎత్తులూ వరసపెట్టి చెబుతూ రాయించాడట. పరీక్ష రాసి బయటికొచ్చేసరికే ప్రశ్నలు మరిచిపోయే మనం ఏమనాలి?

ఇక జగత్ప్రసిద్ధమైన సంగీత నాటకశాల ఆట. అదే ఏడు పారిస్ ఆపెరాలో బ్రన్స్‌విక్ ప్రభువు, ఇసూవార్ ప్రభువు కలిసి ఒక పక్షం, మార్ఫీ ఒక్కడే ఇంకో పక్షం. సంగీతప్రియుడైన మార్ఫీకి వేదికవైపు చూడాలని ఉంది, ఆతిథ్యమిచ్చిన ప్రభువుకేమో చదరంగం ఆడాలని ఉంది. అతిథి ఏం చేస్తాడు? త్వరగా ముగించాలి. పదిహేడు ఎత్తుల్లో ముగించాడు. చివర్న నల్ల రాజు తన తొలి గడిలోనే నిలబడి ఉన్నాడు. మార్ఫీ పదిహేనో ఎత్తున శకటును ఇచ్చేసి, పదహారో ఎత్తున మంత్రిని తీసుకెళ్లి గుర్రం నోట్లో పెట్టాడు. రాజుకు షా ఉంది కనక గుర్రంతో కొట్టక తప్పదు. కొట్టడానికి గుర్రం పక్కకు జరిగింది, రాజు పక్క నిలువు వరస ఖాళీ అయింది. ఏనుగు తిన్నగా వెళ్లి రాజు పక్క గడిలో కూర్చుంది. దూరం నుంచి శకటు ఆ ఏనుగును కాస్తూ ఉంది. ఆటకట్టు. ఆ క్షణాన మార్ఫీ దగ్గర రాజు, బంట్లు కాక మిగిలింది ఒక ఏనుగు, ఒక శకటు. ఎదుటివాళ్ల దగ్గర మంత్రితో సహా బోలెడంత సైన్యం ఉండీ కదలకుండా చూస్తూ నిలబడింది. ఇప్పటికీ ఈ ఏనుగు, శకటు కూర్పును ఆపెరా ఆటకట్టు అనే పిలుస్తారు.

డిసెంబరులో అసలైన పరీక్ష వచ్చింది. జర్మనీలోని బ్రెస్లావ్ పట్టణపు లెక్కల మేష్టారు అడాల్ఫ్ ఆండర్సెన్, 1851 లండన్ పోటీ విజేత, క్రిస్మస్ సెలవుల్లో పారిస్ వచ్చాడు. సెలవులైపోతే మళ్లీ బడికి పోవాలి. మార్ఫీకి జ్వరం. జలగలతో రక్తం తీయించే వైద్యం పుణ్యమా అని లేచి నిలబడే ఓపిక కూడా లేదు. అయినా హోటల్ గదిలోనే ఆడాడు. పదకొండు ఆటల్లో ఏడు గెలిచి, రెండు ఓడి, రెండు సమం చేశాడు. అప్పటికి మార్ఫీ వయసు ఇరవై ఒకటి. ఈ ఆండర్సెన్ కూడా మొదట లోకానికి తెలిసింది ఆటగాడిగా కాదు. 1842లో అరవై ఆటకట్టు లెక్కలతో పుస్తకం వేసిన మనిషిగానే. గొప్పవాళ్లిద్దరికీ ఈ లెక్కలతో నేస్తం ఉండటం గమనించదగ్గది.

ఇప్పుడు మొదట్లో ఇచ్చిన లెక్క చూద్దాం. చాలామంది చటుక్కున ఏనుగుతో మూల రాజు ముందున్న బంటును కొట్టి షా చెబుతారు. శకటు ఆ ఏనుగును కొట్టేస్తుంది, కథ కంచికి. కొందరు ఏనుగును ఏ గడిలోనో ఊరికే ఉంచి, ఎదుటివాడి శకటు కదిలితే బంటును కొడదామని చూస్తారు. ఆలోచన మంచిదే. కాని ఎదుటివాడు శకటును కదపడు, రాజు ముందున్న బంటును ముందుకు తోస్తాడు. దారి మూసుకుపోతుంది. కనక ఆ బంటును కదలనివ్వకూడదు. అలా చెయ్యాలంటే ఏనుగు దాని ముందే పోయి నిలబడాలి, అది పక్క బంటు నోట్లో పడే గడి అయినా సరే. అదే జవాబు. నల్ల బంటు ఏనుగును కొడితే, అడ్డు తొలగిన తెల్ల బంటు ఒక గడి ముందుకెళ్లి ఆటకట్టేస్తుంది. కొట్టకుండా శకటును కదిపితే, ఏనుగు రాజు ముందు బంటును కొట్టి ఆటకట్టేస్తుంది. మూడో దారి లేదు.

ఇందులో నేర్చుకునే విషయాలు చూడండి. విలువైన పావును పోగొట్టుకోకూడదన్న భయం పోతుంది. మనం ఏం చెయ్యాలన్నదే కాక, ఎదుటివాడు ఏమేం చెయ్యగలడన్నది ఒక్కటీ వదలకుండా లెక్కపెట్టే అలవాటు వస్తుంది. అన్నిటికీ మించి కంటికి ఆకారాలు అలవాటవుతాయి. చెయ్యి తిరిగిన కంసాలి బంగారాన్ని చూడగానే మాటు ఎక్కడుందో పోల్చినట్టు, వందల లెక్కలు చేసినవాడికి బల్ల చూడగానే ఇక్కడేదో ఉంది అని తోస్తుంది. నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞుడు ద గ్రూట్ 1946లో ప్రచురించిన పరిశోధనలో తేలింది కూడా ఇంచుమించు ఇదే. మేటి ఆటగాళ్లు మామూలువాళ్లకంటే మరీ ఎక్కువ ఎత్తులు ముందుకు చూడరు, బల్లను చూసీ చూడగానే అసలు సంగతిని పట్టేస్తారు. హంగరీలో ముగ్గురు కూతుళ్లనూ మేటి ఆటగత్తెలుగా తీర్చిదిద్దిన లాస్లో పోల్గార్ అయిదువేలకు పైగా లెక్కలతో వేసిన లావుపాటి పుస్తకంలో అత్యధిక భాగం రెండెత్తుల ఆటకట్లే. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయిన తెలుగునాట, ఈ విద్య మనవల్ల కాదనుకోవడానికి వీల్లేదు.

చేసే పద్ధతి మాత్రం ముఖ్యం. రోజుకు నాలుగైదు చాలు. పావులు కదపకుండా మనసులోనే చెయ్యాలి. జవాబు కాగితం మీద రాశాకే వెనక పేజీ తిప్పాలి. తప్పయినవాటికి గుర్తు పెట్టి వారం తరువాత మళ్లీ చెయ్యాలి. జవాబు చూసి ఓహో అనుకుంటే లాభం లేదు, గైడు చదివి లెక్కలు వచ్చాయనుకోవడం లాంటిదే అది.

మళ్లీ కథలోకి. 1859లో మార్ఫీ తిరిగొస్తే అమెరికా నీరాజనాలు పట్టింది. న్యూయార్క్‌లో బంగారు గడియారం బహూకరించారు. అందులో అంకెల బదులు చదరంగం పావులు. ఎవరైనా సరే ఒక బంటు తగ్గించుకుని ఆడతానన్నాడు, ఎవరూ ముందుకు రాలేదు. అక్కడితో బహిరంగ పోటీలకు స్వస్తి. వయసు ఇరవై రెండు.

ఇక న్యాయవాదిగా స్థిరపడాలి. అదే ఆయన కోరిక, అదే కుటుంబ మర్యాద. ఇంతలో 1861లో అంతర్యుద్ధం వచ్చిపడింది. న్యూ ఆర్లియన్స్ మరుసటి ఏడే ఉత్తరాది సైన్యం చేతికి చిక్కింది. మార్ఫీ హవానా మీదుగా పారిస్ వెళ్లి కొన్నాళ్లుండి తిరిగొచ్చాడు. యుద్ధం ముగిశాక ఆఫీసు తెరిచాడు. వచ్చినవాళ్లు దావా గురించి కాదు, చదరంగం గురించి అడిగేవాళ్లు. చదరంగం ఆడేవాడికి కేసెవరిస్తారు? ఆయన దృష్టిలో చదరంగం పెద్దమనుషుల కాలక్షేపం, వృత్తి కానేకాదు. ప్రపంచం దృష్టిలో మాత్రం ఆయన చదరంగం తప్ప మరొకటి కాదు. ఈ రెంటి నడుమా ఆయన జీవితం నలిగిపోయింది. ప్రాక్టీసు సాగలేదు. క్రమంగా ఆట పేరెత్తితేనే చిరాకు. తరువాత ఎవరో తనకు కీడు తలపెడుతున్నారన్న అనుమానాలు, తండ్రి ఆస్తి విషయమై దావాలు. మనసు చెదిరింది. 1883లో, కాబోయే ప్రపంచ విజేత స్టీనిట్జ్ ఆ ఊరు వచ్చి కలిసినా, చదరంగం మాట సాగలేదు. 1884 జూలై 10న మిట్టమధ్యాహ్నపు ఎండలో తిరిగొచ్చి చన్నీళ్లలో స్నానానికి దిగి, అక్కడే ప్రాణం విడిచాడు. నలభై ఏడేళ్లు. మరి రెండేళ్లకు, 1886లో, చదరంగానికి మొదటి అధికారిక ప్రపంచ విజేతగా స్టీనిట్జ్ నిలిచాడు.

మిత్రులారా, ఈ కథను చదరంగం ఆడితే చెడిపోతారని చెప్పడానికి వాడుకునే పెద్దలున్నారు. నాకలా తోచదు. మార్ఫీని చెరిపింది ఆట కాదు. ఎంతో బాగా వచ్చిన పనిని తక్కువ పనిగా చూడమన్న ఆ కాలపు మర్యాద ఒకటి, ఆయన నమ్ముకున్న ఊరిని, వృత్తిని కుదిపేసిన యుద్ధం ఒకటి, ఎవరికీ అంతుబట్టని జబ్బు ఒకటి. మనలో కూడా పాట బాగా పాడేవాళ్లున్నారు, బొమ్మలు వేసేవాళ్లున్నారు, బంతి ఆడేవాళ్లున్నారు. డిగ్రీ చేతికొచ్చాక అవన్నీ చిన్నప్పటి సరదాలని అటకెక్కించేస్తాం. డిగ్రీ కావలసిందే, కాదనను. ఆ రెండోదాన్ని చిన్నచూపు చూడవద్దనే నా మనవి. మార్ఫీ సివిల్ కోడ్ కంఠతా పట్టాడు కాని ఆయన్ను ఈనాటికీ బతికించింది పదిహేడు ఎత్తుల ఆట ఒకటి, రెండెత్తుల లెక్క ఒకటి.

ఈ రాత్రి మెస్ నుంచి వచ్చాక ఆ లెక్క బల్లమీద పేర్చి, పక్క గది మిత్రుణ్ణి పిలిచి అడగండి. జవాబు మాత్రం వెంటనే చెప్పెయ్యకండి.